బూచి రహిత పట్టణం

పిల్లల్ని భయపెట్టకుండా పెంచడం ఎలాగో చూసి రమ్మని ప్రభుత్వం వారు కొందరు పెద్ద అధికారుల్ని ఒక చలిదేశానికి పంపించారు. అక్కడి పసిపిల్లలు అడిగితే అన్నం తింటారట. చెబితే నిద్రపోతారట. కోపం వస్తే "నాకు కోపం వస్తోంది" అని ముందుగా తెలియజేసి మరీ కోప్పడతారట. ఈ సంగతులు ఆ దేశపు పిల్లలు చెప్పలేదు, ఆ దేశపు అధికారులు చెప్పారు. అధికారి మాట అధికారి నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? మనవాళ్ళు నమ్మారు, తలకో ఉన్ని టోపీ కొనుక్కున్నారు, తిరిగొచ్చి శిశు మృదు మార్గదర్శక శాఖ అని ఒకటి పెట్టారు.

ఆ శాఖలో నాకు ఉద్యోగం వచ్చింది. హోదా పేరు మృదు మార్గదర్శి, గ్రేడ్ టూ. ఊరు మా నత్తలమెరకే. నేను చదివింది చేపపిల్లల పెంపకంలో డిప్లొమా. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దలు నా సర్టిఫికెట్టుని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లలున్నారు, పెంపకం ఉంది. ఇంకేం కావాలి?" అన్నారు. నాకూ ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ప్రొబేషను పూర్తయ్యాక పని నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే మళ్ళీ చెరువుగట్టు అని చెప్పారు.

వేషం కూడా వాళ్ళే ఇచ్చారు. నిమ్మపండు రంగు కోటు, దాని ఛాతీమీద నవ్వుతున్న పాపాయి బొమ్మ, మెడలో కార్డు, జేబులో చిన్న టార్చిలైటు, చేతిలో ఇత్తడి గంట. తలుపు తడితే పసివాళ్ళు ఉలిక్కిపడతారు గనక మార్గదర్శి వీధి మొదట్లోనే గంట వాయించుకుంటూ రావాలని నిబంధన. పీచుమిఠాయి వాడు కూడా అలాగే వస్తాడు గానీ అతని దగ్గర మిఠాయి ఉంటుంది.

అప్పటికి మా అమ్మాయికి నడక కొత్త. కాగితాల్లో పేరు తన్విత, ఇంట్లో బుజ్జులు. దానికి వచ్చిన మాటలు అమ్మ, నానా, తిను, ఇంకా ఏ భాషకీ చెందని మరికొన్ని. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే "నానా" అని తప్పటడుగులు వేసుకుంటూ వచ్చేది. నేను కింద కూర్చుని నోరు తెరిచేవాణ్ణి. బుగ్గన దాచుకున్న ముద్దలో సగం వేళ్ళతో తీసి నా నోట్లో కుక్కి "తిను" అనేది. అందులో పప్పు, దాని ఎంగిలి, చొంగ, అప్పుడప్పుడు గోడసున్నం కూడా ఉండేవి. లోకంలో అంతకంటే రుచైన పదార్థం నేను తినలేదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ వ్యవహారం అంతటిలో నాకు పోవడానికి ఉన్నది అదొక్కటే.

ఆ ముద్దలు పెట్టేది మా అత్తగారు నూకరత్నం గారు. పురుడు పోసి, కూతుర్నీ మనవరాల్నీ మా ఇంట్లో దిగబెట్టడానికి వచ్చారు. పిల్ల అన్నం తినడం మొదలుపెట్టాక వెళతానన్నారు. మొదలుపెట్టాక, తను వెళితే మానేస్తుందేమోనని ఉండిపోయారు. మా ఆవిడ ప్రసన్న బడిలో టీచరు గనక మాకూ అదే కావాలి. అత్తగారి పద్ధతి పాతది. ముద్ద కలిపి, ఫ్రిజ్ వెనక్కి ఓసారి దొంగచూపు చూసి, గొంతు తగ్గించి, "అమ్మో, బూచాడొస్తన్నాడే! బేగా తినెయ్!" అనేవారు. బుజ్జులు గభాల్న ఆవిడ చంకలో దూరి నోరు తెరిచేది. ముద్ద లోపలికి పోయేది. బూచాడు ఫ్రిజ్ వెనకే ఉండిపోయేవాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

శాఖ జారీ చేసిన మొదటి ఉత్తర్వు బూచాడి మీదే.

మా జిల్లా అధికారి పరాంకుశం గారు. మనిషి పొడుగ్గా, మీసం అడ్డంగా ఉంటారు. ఇంతకు ముందు దోమల నిర్మూలన శాఖలో పనిచేసి, దోమలు మిగిలి ఉండగానే ప్రమోషను మీద మా శాఖకి వచ్చారు. మార్గదర్శులందర్నీ కూర్చోబెట్టి ఉత్తర్వు చదివారు.

"భయమనునది శిశు వికాసమునకు ప్రథమ శత్రువు. ఆ భయమునకు మూలకారణం సదరు బూచి. కావున సదరు బూచిని ఈ ఆర్థిక సంవత్సరాంతానికి సమూలంగా నిర్మూలించి, మన పట్టణమును బూచి రహిత పట్టణముగా ప్రకటించవలసి ఉన్నది. ఎవరికైనా సందేహాలున్నాయా?"

నాకు ఒకటుంది. "బూచాడు అసలు లేడు కదండీ?" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. "రాఘవులూ, నువ్వు కొత్త. లేనిదాన్ని నిర్మూలించమని ప్రభుత్వం నిధులు విడుదల చేస్తుందా? ఏదైనా నిర్మూలించాలంటే ముందు అది ఎంత ఉందో లెక్క తేలాలి. దాన్ని ప్రాథమిక గణాంకం అంటారు. ఇంటింటికీ వెళ్ళు. బూచి నిలవ ఉండే చోట్లు గుర్తించు. లార్వా దశలో దొరికితే మరీ మంచిది."

గంట వాయించుకుంటూ ఇంటింటికీ వెళ్ళాను. "మీ ఇంట్లో బూచాడు ఉన్నాడాండీ?" అని అడిగితే, ప్రభుత్వం మనిషి ఏదుందని అడిగినా లేదని చెప్పే అలవాటు కొద్దీ అందరూ లేడనే చెప్పారు. ఒకావిడ మాత్రం, "ఇదివరకు ఉండేవోడండి, మొన్న గోదారి వరదలకి పోయేడు," అంది. నష్టపరిహారం వస్తుందేమోనని ఆవిడ ఆశ. నా వార్డు మొత్తానికి సున్నా అని రాసి ఇచ్చాను.

పరాంకుశం గారు ఆ సున్నాని చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "సున్నాని సున్నా చేసిన శాఖ చరిత్రలో ఉందటయ్యా? ఇది పైకి పంపితే మన శాఖనే నిర్మూలిస్తారు. ప్రశ్న మార్చు. బూచి ఉన్నాడా అని కాదు, ఎక్కడ ఉంటాడు, ఎలా ఉంటాడు అని అడుగు."

ప్రశ్న మార్చేసరికి బూచాళ్ళు కుప్పలు తెప్పలుగా బయటపడ్డారు. ఒకరింట్లో బియ్యం డబ్బా వెనక, ఒకరింట్లో అటకమీద, ఒకరింట్లో మిక్సీలోనే. ఒకరి బూచాడికి గోనెసంచి, ఒకరి బూచాడికి ఒకటే కన్ను. ఒక ఇంట్లో అయితే మేడమీద అద్దెకుండే రిటైర్డు హెడ్మాస్టారినే వేలుపెట్టి చూపించారు. ఆయన తలుపు దగ్గరికి వచ్చి, "పోనీలెండి, నావల్ల ఓ నలుగురు పిల్లలు అన్నం తింటన్నారు," అని తృప్తిగా చెప్పారు.

ఇంత వైవిధ్యం శాఖకి పనికిరాదు. బూచి అంటే రాష్ట్రమంతటా ఒక్కలాగే ఉండాలి, అప్పుడే నిర్మూలన సమంగా జరుగుతుంది అని పరాంకుశం గారు తీర్మానించారు. వివరాలన్నీ కలిపి ప్రామాణిక బూచి బొమ్మ గీయమని మునిసిపాలిటీ గోడలకి రాతలు రాసే పెయింటరుకి అప్పగించారు. అతను నేను ఇచ్చిన వివరాలు విని విని విసిగిపోయి, ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని చూస్తూ చకచకా గీసేశాడు. పొడుగు మొహం, అడ్డమీసం. పోలిక గురించి ఆఫీసులో ఎవరూ మాట్లాడలేదు. అందరం ప్రొబేషనులోనే ఉన్నాం. పరాంకుశం గారు మాత్రం ఆ బొమ్మని చేతికి అందినంత దూరంలో పట్టుకుని చూసి, "ఎక్కడో చూసినట్టే ఉంది. అంటే సహజంగా వచ్చిందన్నమాట," అని సంతకం పెట్టారు.

ఆ బొమ్మని పెద్ద పెద్ద పోస్టర్లుగా అచ్చేయించి ఊరంతా అంటించాం. బొమ్మ కింద పెద్దక్షరాలతో "ఇతను లేడు. ఇతనిని చూసి భయపడకండి" అని వేయించాం. అది పసిపిల్లల కోసం వేసినది. పసిపిల్లలకి చదవడం రాదన్న సంగతి ముసాయిదాలో ఎవరూ గమనించలేదు.

నిన్నటిదాకా మా ఊరి పిల్లలకి బూచాడు ఎలా ఉంటాడో తెలియదు. ఇప్పుడు మొహంతో సహా తెలిసింది. ఇక చూడండి. సాయంత్రం అయ్యేసరికి తల్లులూ అమ్మమ్మలూ పిల్లల్ని చంకనేసుకుని, పప్పన్నం గిన్నెలు పట్టుకుని పోస్టర్ల దగ్గరికి చేరడం మొదలుపెట్టారు. పిల్లని బొమ్మకి ఎదురుగా తిప్పడం, అది నోరు వెళ్ళబెట్టడం, ముద్ద పెట్టడం. గంటసేపు పట్టే పని క్షణాల్లో అయిపోయేది. మునిసిపల్ ఆఫీసు గోడ దగ్గర ఖాళీ దొరక్క వెనకబడినవాళ్ళు పోట్లాడుకునేవారు. పక్కనే ఒకతను మజ్జిగ బండి కూడా పెట్టాడు.

పరాంకుశం గారు ఆ జనాన్ని ఫొటోలు తీయించి, "అవగాహనా చిత్రముల పట్ల మాతృమూర్తుల నుండి అనూహ్య స్పందన" అని పైకి పంపారు. పైనున్న కమిషనర్ గారు ఫొటోలో పిల్లల మొహాలు కూడా చూశారు. పిల్లలందరూ గుక్కపట్టి ఏడుస్తున్నారు. వెంటనే పోస్టర్లన్నీ చింపేయమని ఆర్డరు వచ్చింది. అంటించకుండా మిగిలిపోయిన కట్టలు ఏం చేయాలో ఆర్డరులో లేదు గనక సిబ్బంది తలా కాసిని ఇంటికి తీసుకెళ్ళి భద్రపరచాలని పరాంకుశం గారు పంచిపెట్టారు. నావంతు తెచ్చి వంటింటి మూల పెట్టాను. మా వంటింటి గోడ చెమ్మకి పెచ్చులూడుతుంటే అత్తగారు ఒక పోస్టరు తీసి, మైదా ఉడికించి, ఆ చెమ్మకి అడ్డంగా గోడ కిందభాగాన అంటించేశారు.

"అత్తయ్యగారండీ, అది గవర్నమెంటు బూచి," అన్నాను.

"గవర్నమెంటుదైతే మాత్రం గోడకి అడ్డం పెట్టకూడదేటండి? ఊరికే ఉండేవోడు, ఏదో పనికొచ్చేడు," అన్నారు.

బుజ్జులు మొదట ఆ బొమ్మని చూసి కెవ్వుమంది. తర్వాత రోజూ చూసింది. తెల్లారి లేచినా అదే మొహం, ఆడుకున్నా అదే మొహం. కదలడు, అరవడు, గంట కొట్టడు. చూసి చూసి దానికి భయం పోయింది. ఒకరోజు ఆ మీసాన్ని గిల్లడానికి ప్రయత్నిస్తుంటే నేనే చూశాను. శాఖ పెట్టినప్పటినుంచి ఎవరికైనా భయం పోయిందంటే అదొక్కసారే. దాన్ని ఏ నివేదికలో రాయాలో తెలియలేదు.

పోస్టర్ల తర్వాత రెండో ఉత్తర్వు వచ్చింది. దీని పేరు అంగీకార భోజనం. పిల్లకి ముద్ద పెట్టేముందు తల్లి నేలమీద కూర్చుని, పిల్ల కళ్ళకి తన కళ్ళు సమానంగా తెచ్చి, ముద్ద విషయమై పిల్ల అభిప్రాయం కోరాలి. పిల్ల తలతిప్పుకుంటే, "నీ అయిష్టాన్ని నేను గౌరవిస్తున్నాను" అని చెప్పి గిన్నె పక్కన పెట్టి, కొంత విరామం తర్వాత మళ్ళీ ప్రతిపాదించాలి. మార్గదర్శి ఎదురుగా కూర్చుని ఇదంతా పర్యవేక్షించాలి. "స్వగృహమే ప్రథమ క్షేత్రం. ముందు మీ మీ ఇళ్ళలో ప్రారంభించండి," అన్నారు పరాంకుశం గారు.

మొదటిరోజు నేను కోటు తొడుక్కుని, గంట పక్కన పెట్టుకుని, మా హాల్లో కుర్చీలో కూర్చున్నాను. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ నేలమీద చతికిలబడ్డారు.

"అమ్మా తన్వితా," అని నేను రాసిచ్చిన వాక్యం మొదలుపెట్టారు, "ఈ ముద్ద ఇషయంలో నీ అభిప్రాయం ఏటమ్మా?"

బుజ్జులు తల తిప్పుకుంది.

"దాని అభిప్రాయం తెలిసిపోయిందండి. ఇప్పుడేం చెయ్యాలండి?"

"అయిష్టాన్ని గౌరవించాలండి."

"గౌరవించేను. ఆకలో?"

"విరామం తర్వాత మళ్ళీ ప్రతిపాదించాలి."

విరామంలో బుజ్జులు నా చెప్పు నమిలింది. దాన్ని ఎవరూ ప్రతిపాదించలేదు. రెండోసారి అడిగితే మళ్ళీ తల తిప్పుకుంది. మూడోసారికి అత్తగారు గిన్నె నా ముందు పెట్టి, "అల్లుడుగారండీ, మా నలుగురు పిల్లల్నీ అభిప్రాయం అడక్కుండానే పెంచేను. అడిగుంటే మీకు పెళ్ళాం ఉండేది కాదండి," అని లేచి వెళ్ళిపోయారు. ప్రసన్న బడినుంచి వచ్చి, ఏడుస్తున్న పిల్లనీ చల్లారిన అన్నాన్నీ నన్నూ చూసి, "మీరు పర్మనెంటు అయ్యేదాకా ఏదోలా కానివ్వండి," అని పిల్లని ఎత్తుకుంది.

ఊళ్ళోనూ ఇదే వరస. పిల్లలు చిక్కిపోతున్నారని తల్లులు నా వెనకాల పాత పద్ధతికి వెళ్ళిపోయారు. ఇది కనిపెట్టి శాఖవారు మృదు తాఖీదు అని గులాబీ రంగు కాగితం ఒకటి ప్రవేశపెట్టారు. భయపెడుతూ గానీ, బలవంతంగా కుక్కుతూ గానీ దొరికిన తల్లికి అది ఇవ్వాలి. తాఖీదు అందుకున్నావిడ మునిసిపల్ కళ్యాణ మండపంలో పునశ్చరణ తరగతికి రావాలి. అక్కడ పెద్దవాళ్ళందరూ అంగన్వాడీ పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీల్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, తమ లోపల ఉన్న శిశువుని పేరుపెట్టి పిలవాలి. భారీ మనుషులు ఆ కుర్చీల్లోంచి లేచేటప్పుడు కుర్చీ కూడా లేచి వచ్చేది. ఇంత అవమానం పడ్డ ఆడవాళ్ళు ఇంకొకసారి పడడానికి సిద్ధంగా లేరు. మా ఊళ్ళో తుఫాను హెచ్చరిక కన్నా గులాబీ కాగితానికి ఎక్కువ జడిసేవారు.

దీనికి తోడు పరాంకుశం గారు ఒక సిద్ధాంతం కనిపెట్టారు. "బలవంతపు ముద్ద బుగ్గన ఉంటుంది, ఇష్టపు ముద్ద కడుపులో ఉంటుంది. కావున మార్గదర్శి భోజనానంతరం టార్చిలైటుతో శిశువు నోటిని తనిఖీ చేయవలెను." అందుకని గిన్నె ఖాళీ కాగానే నేను ముందుకి వంగి, లైటు వేసి, "ఆ అను తల్లీ" అనేవాణ్ణి. ఖాళీ నోరు కనిపిస్తే అంగీకారం ఉన్నట్టు. ఉద్యోగధర్మం గనక మా ఇంట్లోనూ ఇదే చేశాను.

ఇక్కడ ఒక మార్పు వచ్చింది. నేను గంట వాయించుకుంటూ వీధిలోకి తిరిగేసరికి తల్లుల మొహాల్లో రంగులు మారేవి. "వచ్చేడమ్మా, వచ్చేడు!" అని ఒకరికొకరు గోడలమీంచి చెప్పుకునేవారు. చంకలో పిల్ల తల్లి మొహం చూసేది. తర్వాత నా మొహం చూసేది. పసిపిల్లకి లోకం తెలియదు గానీ తల్లి మొహం తెలుసు. ఆ మొహం దేన్ని చూసి పాలిపోతుందో అదే బూచి అని దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి పిల్ల నోరు తెరుచుకుని సిద్ధంగా ఉండేది. అభిప్రాయం అడిగే పనే లేదు. గిన్నె గబగబా ఖాళీ అయ్యేది. లైటు వేయకముందే "ఆ" అని చూపించేది. తాఖీదు రాయడానికి కారణమే దొరికేది కాదు.

ఒకరోజు సందు మలుపులో ఒక ముసలావిడ గొంతు నా చెవిన పడింది. "తింటావా, నిమ్మకాయ కోటోణ్ణి పిలవమంటావా?" అంటోంది. వెనక్కి తిరిగి చూశాను. వీధిలో ఆ రంగు కోటు నాదొక్కటే.

పరాంకుశం గారికి నా వార్డు లెక్కలు చూసి కళ్ళు చెమర్చాయి. "రాఘవులూ, ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క తాఖీదు లేదు, ప్రతి శిశువూ సంపూర్ణ అంగీకారంతో భుజిస్తోంది. నీది ఆదర్శ వార్డు. కమిషనర్ గారు స్వయంగా వస్తున్నారు. పట్టణాన్ని బూచి రహితంగా ప్రకటించే ముందు మార్గదర్శి సొంత ఇంట్లో ఒక భోజనం చూస్తారట. అది సక్రమంగా జరిగితే నువ్వు పర్మనెంటు, పైగా గ్రేడ్ వన్."

ఆ మాట పట్టుకుని ఇంటికి పరుగున వచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతూ "బుజ్జులూ, నానా వచ్చాడే!" అని కేకేశాను. లోపల ఏదో పడిన చప్పుడైంది. కోటు విప్పకుండానే కింద కూర్చుని నోరు తెరిచాను. ఎవరూ రాలేదు. "నిద్దరోతందండి," అన్నారు అత్తగారు వంటింట్లోంచి. ఆవిడ చీర కుచ్చిళ్ళ వెనక రెండు చిన్న పాదాలు నిలబడి ఉన్నాయి. కమిషనర్ గారి రాక హడావిడిలో దాని సంగతి తర్వాత చూడొచ్చనుకున్నాను.

కమిషనర్ గారు వచ్చిన రోజు మా వీధికి ముగ్గులు, మా ఇంటికి సున్నం. ఆవిడ సన్నగా, చల్లగా మాట్లాడే మనిషి. చలిదేశం వెళ్ళొచ్చిన బృందంలో ఆవిడే పెద్ద. ఆవిడకి పూలగుత్తి తేవడం నా బాధ్యత. పూలకొట్టు వాడు ఆలస్యం చేశాడు. నేను వచ్చేసరికి అందరూ మా హాల్లో కూర్చుని ఉన్నారు. ఈలోగా ఇంట్లో ఏం జరిగిందో ప్రసన్న తర్వాత చెప్పింది.

బుజ్జులు ముందు కొత్తవాళ్ళని చూసి బెదిరిందట. అంతలో పరాంకుశం గారు లోపలికి వచ్చారు. ఆయన్ని చూడగానే దాని మొహం వెలిగిపోయిందట. రోజూ వంటింటి గోడమీద చూసే నేస్తం ఇవాళ కాళ్ళతో నడిచి వచ్చాడు! పరుగెత్తి వెళ్ళి ఆయన ఒళ్ళోకెక్కి మీసం పట్టుకుందట. పరాంకుశం గారి జన్మలో పసిపిల్ల ఆయన దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"వండర్ఫుల్," అన్నారు కమిషనర్ గారు. "అధికారిని చూసి నవ్వే శిశువు! మన విధానానికి ఇంతకంటే సూచిక ఏముంటుంది? ఇక భోజనం కానివ్వండి."

అత్తగారు నేలమీద కూర్చుని, ఆవిడకి వచ్చిన మర్యాదంతా గొంతులోకి తెచ్చుకుని, ముద్ద విషయమై అభిప్రాయం అడిగారు. బుజ్జులు తల తిప్పుకుని మీసం లాగింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ తిప్పుకుంది. కెమెరా వాళ్ళు భుజాలు మార్చుకున్నారు. కమిషనర్ గారు గడియారం చూసుకున్నారు. పరాంకుశం గారు చెమటలు తుడుచుకుంటూ, "విరామం, విరామం," అన్నారు. ప్రసన్నకి నా ఉద్యోగం చెరువుగట్టున కనిపించింది.

సరిగ్గా అప్పుడు నేను వీధి మొదట్లోకి వచ్చాను. పెద్దవాళ్ళు ఉన్నారు గదా, నిబంధన తప్పకూడదని గంట వాయించాను.

బుజ్జులు మీసం వదిలేసింది. ఒళ్ళోంచి జారి, అమ్మమ్మ ముందు నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచింది. నేను నిమ్మపండు కోటులో, చేతిలో పూలగుత్తితో గుమ్మంలోకి వచ్చేసరికి అది ముద్ద తర్వాత ముద్ద మింగుతోంది. నా మీంచి చూపు తిప్పలేదు, రెప్ప వేయలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి గానీ చప్పుడు లేదు. గిన్నె ఖాళీ అయిపోయింది.

"చూశారా!" అన్నారు కమిషనర్ గారు గుండెమీద చెయ్యి వేసుకుని. "తండ్రి సన్నిధి! ఆ ఆనందబాష్పాలు చూడండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నత్తలమెరక బూచి రహిత పట్టణమని మా హాల్లోనే ప్రకటన జరిగిపోయింది. నన్ను గ్రేడ్ వన్ చేస్తూ రాసిన కాగితం కమిషనర్ గారు నా చేతిలో పెట్టారు. వెళ్ళబోతూ పరాంకుశం గారు వెనక్కి వెనక్కి చూసి, "పాప నన్ను ఎక్కడో చూసినట్టు వచ్చిందయ్యా," అన్నారు. నేను వంటింటి తలుపు దగ్గరగా వేశాను.

కార్లు వెళ్ళిపోయాక కోటు విప్పి పెరట్లో దండెం మీద పడేశాను. కాళ్ళు కడుక్కుని, బనీనుతో లోపలికి వచ్చి, వెనకటిలాగే నేలమీద కూర్చున్నాను. "రా బుజ్జులూ, నానా," అని నోరు తెరిచాను.

అది నాకు అంత దూరంలో నిలబడింది. తల పైకెత్తి, వెలుగు పడేలా మొహం తిప్పి, నోరు వీలైనంత పెద్దగా తెరిచింది. సరిగ్గా కనబడదేమోనని వేలితో ఒక బుగ్గ పక్కకి లాగి పట్టుకుంది. నోరు ఖాళీగా ఉంది. నా చెయ్యి అలవాటు కొద్దీ టార్చి కోసం జేబు దగ్గరికి వెళ్ళింది. బనీనుకి జేబు లేదు. నాకు ఏడుపొచ్చేసింది. నేను ఏడుస్తుంటే అది ఇంకా కంగారుపడి, నోరు ఇంకొంచెం పెద్దగా తెరిచింది.

ఎంతసేపటికీ తనిఖీ అయిందని నేను చెప్పకపోయేసరికి, అయిపోయిందనుకుని నోరు మూసుకుని, తప్పటడుగులు వేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

గోడమీద పోస్టరు ముందు ఆగింది. నాకు చూపించని రెండో బుగ్గలోంచి వేళ్ళతో సగం ముద్ద తీసింది. మునివేళ్ళమీద లేచి, బూచాడి నోటికి ఆ ముద్దని శ్రద్ధగా అదిమి "తిను" అంది. ఆ మీసం కింద, గడ్డం మీద, "ఇతను లేడు" అన్న అక్షరాల దాకా పాత ముద్దలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఇవాళ్టివి కావు, నిన్నటివీ కావు.

"మీరు కోటు తొడుక్కున్న కాణ్ణించి ఆయనకేనండి పెడతంది," అన్నారు అత్తగారు గిన్నె తోముతూ.

నేను వెళ్ళి పోస్టరు పక్కన గోడకి ఆనుకుని, ఆ బొమ్మ ఎంత కదలకుండా ఉందో అంత కదలకుండా కూర్చుని, నోరు తెరిచాను. బుజ్జులు బూచాణ్ణి చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బూచాణ్ణే చూసింది. అత్తగారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ నా వైపు తిరిగారు.

"తొందరపడకండి అల్లుడుగారండీ. ఆయన తిన్నాక ఏమన్నా మిగిల్తే మీకూ పెడద్దిలెండి."

నేను నోరు మూయలేదు.